వెనక ఎయిర్ షాకులు పోయిన పాత ఎస్ క్లాస్: కొత్తవి వేయించాలా, రీబిల్డ్ చేయించాలా, స్ప్రింగులకు మార్చాలా?

రాత్రి మామూలుగా నిలబెట్టిన కారు తెల్లారేసరికి వెనక వైపు చతికిలబడి, టైరు సగం ఫెండర్‌లోకి దూరిపోయి కనిపిస్తే చాలామంది మొదట చేసే పని మెకానిక్‌కి ఫోన్ చేసి "ఎయిర్ షాక్ ఎంత?" అని అడగడం. షోరూమ్ వాళ్ళు ఒక రేటు చెబుతారు. బయటి గ్యారేజీ అంతకన్నా బాగా తక్కువ చెబుతుంది. ఆన్‌లైన్‌లో ఇంకా చౌకగా కనిపిస్తుంది. ఈలోగా ఎవరో ఒకరు "బెలూన్ ఒక్కటి మారిస్తే చాలు సార్" అంటారు. ఇన్ని రేట్లు విన్నాక టెన్షన్ తప్ప స్పష్టత రాదు. రేటు అడిగే ముందు మీ కారు వెనక భాగం బరువును అసలు ఏది మోస్తోందో, అందులో ఏ ముక్క పాడైందో తెలుసుకోండి. ఎంపికలో సగం అక్కడే తేలిపోతుంది.

ఇక్కడ ముఖ్యంగా మెర్సిడెస్ ఎస్ క్లాస్ గురించి రాస్తున్నాను. 1998 నుంచి 2005 దాకా వచ్చిన డబ్ల్యూ 220, 2005 నుంచి 2013 దాకా వచ్చిన డబ్ల్యూ 221. హైదరాబాద్ సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో ఇవి ఇవాళ కొత్త మిడ్‌సైజ్ ఎస్‌యూవీ ధరకో, అంతకన్నా తక్కువకో దొరుకుతున్నాయి. కారు ధర పడిపోయినంతగా దాని స్పేర్ల ధర పడిపోలేదు. అందుకే మంచి ఇంజిను, చెక్కుచెదరని బాడీ ఉన్న కార్లు కూడా ఈ ఒక్క రిపేరు దగ్గర ఆగిపోయి అపార్ట్‌మెంట్ సెల్లార్లలో దుమ్ము కొట్టుకుపోతున్నాయి. అలా పడి ఉన్న కారును చూస్తే నిజంగా బాధేస్తుంది. సరైన పార్టు సరైన పద్ధతిలో వేస్తే వాటిలో చాలావరకు మళ్ళీ ఏళ్ళ తరబడి తిరుగుతాయి. బీఎమ్‌డబ్ల్యూ 7 సిరీస్ ఉన్నవాళ్ళకూ, అమెరికాలో పాత లింకన్, క్యాడిలాక్ నడుపుతున్న మనవాళ్ళకూ లెక్క కొంచెం వేరుగా ఉంటుంది. దాని సంగతి కూడా చెబుతాను.

బరువు మోసేది గాలా, స్ప్రింగా?

ఎయిర్‌మాటిక్, అంటే మెర్సిడెస్ వాళ్ళ గాలి సస్పెన్షన్ ఉన్న ఎస్ క్లాస్‌లో వెనక చక్రాల దగ్గర స్టీలు స్ప్రింగు అసలు ఉండదు. గాలి నింపిన రబ్బరు సంచి, షాకబ్జార్బర్ రెండూ కలిపి ఒకే ముక్కగా వస్తాయి. దాన్నే ఎయిర్ స్ట్రట్ అంటారు. మన మెకానిక్‌లు ఆ రబ్బరు భాగాన్ని బెలూన్ అనో బెలో అనో పిలుస్తారు. వోల్వో బస్సుల కింద ఉండేవి కూడా ఆ జాతివే. స్ట్రట్ ఒంటికి కరెంటుతో పనిచేసే వాల్వులు ఉంటాయి. రోడ్డును బట్టి షాక్‌ను మెత్తగానో గట్టిగానో మార్చేవి అవే. మీరు వెనక సీట్లో కూర్చున్నప్పుడు స్పీడ్ బ్రేకర్ వచ్చినట్టే తెలియకపోవడానికి కారణం ఈ గాలి, ఈ వాల్వులు కలిసి చేసే పని. బరువంతా గాలి మీదే కాబట్టి గాలి పోతే కారు నేరుగా బంప్ స్టాప్‌ల మీద, అంటే చివరి దెబ్బను ఆపే రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. ఆ స్థితిలో నడిపితే ఇంకెన్నో పాడవుతాయి.

రెండో రకంలో గాలి సంచి వేరు, షాక్ వేరు. 2015 వరకు తయారైన బీఎమ్‌డబ్ల్యూ 7 సిరీస్ పొడవు మోడల్, అంటే ఎఫ్ 02, ఇలాంటిదే. మనవాళ్ళు ఎక్కువగా కొన్న 730 ఎల్‌డీ అదే. ముందు మామూలు స్ప్రింగులు, వెనక మాత్రం గాలి సంచులు. ఎయిర్‌మాటిక్ ఉన్న పాత ఈ క్లాస్, డబ్ల్యూ 211లో కూడా వెనక సంచి విడిగానే ఉంటుంది. 1990 నుంచి 2011 దాకా వచ్చిన లింకన్ టౌన్ కార్‌దీ ఇదే పద్ధతి. వీటిలో సంచి పోతే సంచి, షాక్ పోతే షాక్ మార్చుకోవచ్చు. ఖర్చు సహజంగానే తగ్గుతుంది.

మూడో రకం 2000 నుంచి 2005 మధ్య వచ్చిన క్యాడిలాక్ డెవిల్ లాంటిది. అందులో బరువు మోసేది స్టీలు స్ప్రింగే. షాక్ మీద ఉన్న గాలి తొడుగు డిక్కీ నిండా సామాను పెట్టినప్పుడు వెనక భాగాన్ని పైకెత్తి లెవెల్ చేయడానికి మాత్రమే. గాలి పోయినా కారు నేలకు కూలబడదు, బరువు వేసినప్పుడు కొంచెం వంగుతుంది అంతే.

ఇంకో సంగతి. ఎస్ 600, ఎస్ 65 లాంటి పెద్ద ఇంజిన్ల ఎస్ క్లాస్‌లలో ఉండేది ఏబీసీ. అది ఆయిల్ ప్రెషర్‌తో పనిచేసే వ్యవస్థ. అందులో గాలి సంచులు ఉండవు. మీది అలాంటి కారైతే ఇక్కడ చెప్పేది దానికి వర్తించదు, ఎయిర్ స్ట్రట్ అమ్మజూపేవాడి మాట కూడా వినొద్దు.

పోయింది నిజంగా షాకేనా?

కంప్రెసర్ చెడిపోతే కారు రాత్రికి రాత్రే కూలబడదు. ఈ ఒక్క విషయం గుర్తుంటే చాలా డబ్బు మిగులుతుంది. కంప్రెసర్ పని గాలి నింపడం. నింపిన గాలి బయటికి పోకుండా ఆపేది సంచి, పైపు, ఏ చక్రానికి గాలి వెళ్ళాలో చూసే వాల్వ్ బ్లాక్. కాబట్టి కారు దిగిపోతోందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. దిగిన కారు మళ్ళీ లేవడం లేదంటే అప్పుడు కంప్రెసర్‌నో, దానికి కరెంటు ఇచ్చి ఆపే స్విచ్ లాంటి రిలేనో, ఫ్యూజునో అనుమానించాలి. చాలా కార్లలో రెండూ కలిసి వస్తాయి. లీకవుతున్న సంచిని నింపడానికి కంప్రెసర్ నెలల తరబడి అదనంగా తిరిగి తిరిగి చివరికి అదీ కాలిపోతుంది.

పరీక్షకు టేపు చాలు. సమంగా ఉన్న నేల మీద కారు ఆపి, చక్రం నడిమధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా నాలుగు చక్రాల దగ్గరా కొలిచి రాసుకోండి. తెల్లారి తలుపు తీయకముందే, రిమోట్ కూడా నొక్కకముందే మళ్ళీ కొలవండి. అన్‌లాక్ చేస్తే కారు తనంతట తాను లెవెల్ సరిచేసుకోవడం మొదలుపెడుతుంది, అప్పుడు కొలత పనికిరాదు. వెనక ఒక్క మూలే దిగితే ఆ పక్క స్ట్రట్టో, దానికి వెళ్ళే పైపు జాయింటో అనుకోవచ్చు. రెండు మూడు మూలలు కలిసి దిగితే వాల్వ్ బ్లాక్‌ను కూడా చూడమనండి. ఎత్తు తప్పుగా ఉంది కానీ రాత్రంతా అలాగే నిలిచి ఉంటే అది లీకు కాకపోవచ్చు. కారు ఎత్తును కొలిచే లెవెల్ సెన్సర్‌కు ఉండే చిన్న లింకు విరిగినా, ఊడినా కారు ఒరిగి నిలబడుతుంది. ఆ లింకు ఖర్చు ఎంత, స్ట్రట్ ఖర్చు ఎంత!

తర్వాత కారును లిఫ్టు ఎక్కించి సబ్బు నీళ్ళు కొట్టించండి. చూడాల్సిన చోటు రబ్బరు లోపలికి మడత పడే కింది అంచు. కారు లేస్తూ దిగుతూ ఉన్నప్పుడు రబ్బరు అక్కడే మడత విప్పుకుని మళ్ళీ మడుచుకుంటుంది. ఏళ్ళ తరబడి అదే జరిగి, మన ఎండలకు ఎండి, ఆ మడత చుట్టూ సన్నటి గీతలు వస్తాయి. ఒకటి రెండు గీతలు పైపైన ఉంటే అది వయసు. గీతల్లోంచి లోపలి దారాల అల్లిక కనిపిస్తోందంటే ఆ సంచి పని అయిపోయినట్టే, ఇవాళ లీకవకపోయినా. కారు ఎత్తుగా ఉన్నప్పుడు ఒకసారి, దించి ఇంకోసారి సబ్బు నీళ్ళు కొట్టాలి. మడత చోటు మారితేగానీ కొన్ని పగుళ్ళు నోరు తెరవవు. ఒక ఎత్తులో మాత్రమే చూసి "లీకేం లేదు" అని తేల్చేసే గ్యారేజీలు ఉన్నాయి. దగ్గరుండి రెండు సార్లూ చేయించుకోండి.

ఇక షాక్ సంగతి వేరు. కారు దిగదు, గాలి లీకవదు, కానీ గుంత దాటాక వెనక భాగం ఊగుతూనే ఉంటుంది. లేదా టైరు అక్కడక్కడా గుంటలు పడ్డట్టు అరుగుతుంది, స్ట్రట్ కింది భాగం ఆయిల్‌తో తడిసి దుమ్ము పట్టి ఉంటుంది. అది అరిగిన షాక్ లక్షణం. రబ్బరు పోయిందా, షాక్ పోయిందా, రెండూనా? ఈ జవాబు లేకుండా కింది వాటిలో దేన్నీ ఎంచుకోలేరు.

ఎస్ క్లాస్‌కు ఉన్న దారులు

షోరూమ్ ఒరిజినల్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. సరిగ్గా సరిపోతుంది, వాల్వులు కారు కంప్యూటర్‌తో ఏ గొడవా లేకుండా మాట్లాడతాయి, ఫిటింగ్‌కు బాధ్యత వాళ్ళదే. ధర మాత్రం పాత కారు విలువతో పోలిస్తే గుండె గుభేలుమనేలా ఉంటుంది. కారును ఇంకా పదేళ్ళు ఉంచుకుంటాం, ఖర్చుకు వెనకాడం అనుకునేవాళ్ళకు తప్ప దీన్ని నేను మొదటి సలహాగా చెప్పను. దాదాపు ఇదే నాణ్యత ఇంకో దారిలో దొరుకుతోంది కాబట్టి.

ఆ ఇంకో దారి పేరున్న కంపెనీల కొత్త స్ట్రట్‌లు. జర్మనీకి చెందిన బిల్‌స్టీన్ కార్ల కంపెనీలకే స్ట్రట్‌లు సరఫరా చేసే సంస్థ. అదే తరహా ఎయిర్ స్ట్రట్‌లను తన సొంత పెట్టెలో బి 4 పేరుతో బయట కూడా అమ్ముతుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో 1989లో మొదలైన ఆర్నాట్ కంపెనీ పనంతా ఎయిర్ సస్పెన్షనే. కొత్త స్ట్రట్‌లూ చేస్తుంది, పాత ఒరిజినల్ స్ట్రట్‌ను తీసుకుని కొత్త రబ్బరు వేసి రీమాన్యుఫ్యాక్చర్ చేసినవీ అమ్ముతుంది. జర్మనీ కాంటినెంటల్ గ్రూపు తయారుచేసే కాంటిటెక్ రబ్బరును చాలా మోడళ్ళలో వాడుతుంది. రబ్బరు ఎవరిదన్నది చిన్న విషయం కాదు. సంచిలో ఉండే ప్రెషర్ టైరులో ఉండే దానికి రెండు మూడింతలు. అంత ప్రెషర్‌ను మోస్తూ లక్షల సార్లు మడత పడాల్సిన వస్తువు అది.

ఇవి కొనేటప్పుడు రెండు చూసుకోండి. ఒకటి, కరెంటు వాల్వులు ఉన్న స్ట్రట్టే తీసుకోవాలి. కొన్ని చౌక రకాలు ఆ వాల్వులు లేకుండా మామూలు షాక్‌తో వస్తాయి, ప్లగ్గులో ఒక రెసిస్టర్ పెట్టి కంప్యూటర్‌ను నమ్మిస్తాయి. కారు పైకి లేస్తుంది, మెసేజ్ పోతుంది, కానీ కంఫర్ట్, స్పోర్ట్ బటన్ నొక్కినా వెనక ఏమీ మారదు. రెండు, కారు ఛాసిస్ నంబరుతో పార్టు సరిచూసుకోవాలి. ఏఎమ్‌జీ (మెర్సిడెస్ స్పోర్ట్స్ రకం) మోడళ్ళకు వేరుగా ఉంటాయి, కుడి ఎడమలకు నంబర్లు తేడా ఉండొచ్చు. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం, జీఎస్టీ, రవాణా కలిపి ఇక్కడి డీలర్ రేటుతో పోల్చండి. వారంటీ మీద ఎంత కాలం రాసి ఉన్నా, పెద్ద పెట్టెను తిరిగి సముద్రం దాటించే ఖర్చు మీదే అయితే ఆ వారంటీకి అర్థం లేదు. అందుకే కొంచెం ఎక్కువైనా ఇక్కడే బిల్లు ఇచ్చి, ఇక్కడే మార్చి ఇచ్చేవాళ్ళ దగ్గర కొనడం మేలు.

పేరు లేని చైనా స్ట్రట్‌లు ఆన్‌లైన్‌లో ఫొటోలో ఒరిజినల్‌లాగే ఉంటాయి. వాటిలో బాగా పనిచేసేవి లేవని అనను. చిక్కేమిటంటే అదే పేరుతో ఇవాళ వచ్చిన సరుకు, ఆరు నెలల తర్వాత వచ్చిన సరుకు ఒకే చోట తయారైనవి అయి ఉండాలని లేదు. ఎస్ క్లాస్ స్ట్రట్ మార్చడానికి లేబర్ తక్కువ కాదు. కొన్ని మోడళ్ళలో పై బోల్టులు అందాలంటే వెనక సీటు వీపు విప్పాలి. ఆ పని రెండోసారి చేయిస్తే చౌక పార్టులో మిగిలింది అక్కడే పోతుంది. కారును కొన్ని నెలల్లో అమ్మేయాలనుకునేవాళ్ళు ఇవి వేయించడం చూస్తుంటాం. కొనేవాడికి ఆ మాట చెప్పి అమ్మితే తప్పు లేదు.

రీబిల్డ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మన దగ్గర ఇదే ఎక్కువగా నడుస్తోంది, మంచి చెడు రెండూ ఇందులోనే ఉన్నాయి. పాత స్ట్రట్ విప్పి, చచ్చిన రబ్బరు తీసేసి, కొత్త రబ్బరు ఎక్కించి, పైనా కిందా లోహపు రింగులతో బిగిస్తారు. షాక్ మాత్రం పాతదే. కాబట్టి ఇది షాక్ ఇంకా ఆరోగ్యంగా ఉన్న కారుకే సరిపోతుంది. లక్ష కిలోమీటర్లు దాటిన, స్ట్రట్ కింద ఆయిల్ తడి కనిపిస్తున్న కారుకు కొత్త రబ్బరు వేస్తే కారు లేచి నిలబడుతుంది, ఊగడం మాత్రం ఆగదు. షాక్‌లో ఆయిల్, గ్యాస్ కూడా తిరిగి నింపుతామనే చోట్లు ఉన్నాయి. ఆ పని చేశాక షాక్‌ను యంత్రం మీద పరీక్షించి గ్రాఫు చూపిస్తామంటేనే ఒప్పుకోండి.

పని తీరు తెలుసుకోవడానికి ఆ రింగును చూస్తే చాలు. సరైన యంత్రంతో నొక్కిన క్రింప్ రింగు చుట్టూ ఒకే లోతులో, ఒకే దూరంలో నొక్కులతో ఉంటుంది. వేలితో చుట్టూ తడిమితే ఎక్కడా ఎత్తుపల్లాలు తగలవు. అలా కాకుండా ఒక చోట లోతుగా, ఇంకో చోట పైపైన నొక్కి ఉన్నా, క్రింప్ రింగు బదులు పైపు క్లాంపు వేసి స్క్రూ బిగించి ఉన్నా, ఆ స్ట్రట్‌ను కారుకు ఎక్కించనివ్వకండి. వదులుగా ఉన్న ఆ ఒక్క చోటు నుంచే ముందు గాలి కారుతుంది, ఆ తర్వాత ఒక రోజు గుంతలో పడ్డప్పుడు రబ్బరు ఊడిపోతుంది. హైవే మీద ఫ్యామిలీతో ఉన్నప్పుడు వెనక భాగం ఒక్కసారిగా కూలడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. రీబిల్డ్ చేసే వ్యక్తి రబ్బరు ఏ కంపెనీదో చెప్పాలి. క్రింప్ యంత్రం చూపించాలి. పని అయ్యాక స్ట్రట్‌కు గాలి నింపి నీళ్ళ తొట్టిలో ముంచి మీ ఎదురుగా చూపించాలి. ఈ మూడూ చేసే షాపు దొరికితే, మీ షాక్ బాగుంటే, రీబిల్డ్ డబ్బుకు తగిన పనే. ముఖ్యంగా డబ్ల్యూ 220 లాంటి మరీ పాత కార్లకు ఇది గౌరవంగా ఎంచుకోదగ్గ దారి.

ఢిల్లీ మాయాపురి నుంచో చెన్నై పుదుపేట నుంచో సెకండ్ హ్యాండ్ స్ట్రట్ తెప్పిస్తామని కూడా అంటారు. వద్దు. తలుపు, సీటు, హెడ్‌లైటు స్క్రాప్‌లో కొనొచ్చు. రబ్బరు మాత్రం కారు తిరిగినా తిరగకపోయినా వయసుతోనే ఎండిపోతుంది. "ఈ కారు ముప్పై వేలే తిరిగింది" అన్నా ఆ రబ్బరు వయసు మీ పాత రబ్బరు వయసే. పైగా స్క్రాప్ కారు గాలి లేకుండా బరువు మీద కూర్చుని ఉండి ఉంటుంది, మడత దగ్గర అప్పుడే నలిగిపోయి ఉంటుంది.

స్ప్రింగులకు మార్చేయడం

"ఈ గాలి గోల ఎందుకు, స్ప్రింగులు వేసేద్దాం" అనే మాట ప్రతి గ్యారేజీలోనూ వినిపిస్తుంది. ఈ ఆశ కొత్తది కాదు. 1957లో క్యాడిలాక్ ఎల్డొరాడో బ్రౌహమ్‌ను గాలి సస్పెన్షన్‌తో తెచ్చినప్పుడే లీకులతో విసిగిపోయి చాలామంది యజమానులు స్టీలు స్ప్రింగులకు మార్చుకున్నారు. ఇవాళ అమెరికాలో నార్త్ కరొలైనాకు చెందిన స్ట్రట్‌మాస్టర్స్ లాంటి సంస్థలు ఇలాంటి కిట్లు అమ్ముతున్నాయి.

ఎస్ క్లాస్‌కు ఇది నాకు నచ్చని దారి. ఎయిర్‌మాటిక్ నాలుగు చక్రాలనూ కలిపి నడిపే వ్యవస్థ. వెనక రెండింటికి మాత్రం స్ప్రింగులు పెడితే ముందు వైపు లెవెల్ లెక్క కూడా తప్పుతుంది. సరిగ్గా చేయాలంటే నాలుగూ మార్చాలి, సస్పెన్షన్ కంప్యూటర్‌ను సముదాయించే మాడ్యూల్ పెట్టాలి. అంత ఖర్చు పెట్టాక మీ దగ్గర మిగిలేది ఎత్తు పెంచే బటన్ పనిచేయని ఎస్ క్లాస్. మన ఊళ్ళ స్పీడ్ బ్రేకర్ల మీద, సెల్లార్ ర్యాంపుల మీద ఆ బటన్ విలువ రోజూ తెలుస్తుంది. సుమారు ఇంచి ఎత్తు పెరిగితే చాలు, కింద రాసుకోకుండా దాటిపోతుంది. వెనక ముగ్గురు ఎక్కి డిక్కీలో సూట్‌కేసులు పెట్టినా కారు వంగకపోవడం, ఖాళీగా ఉన్నా నిండుగా ఉన్నా ఒకేలా నడవడం కూడా పోతుంది. అమ్మబోతే, తెలిసినవాడు కొనడు. ముందు వైపు స్ట్రట్‌లు కూడా పోయి, కంప్రెసర్, వాల్వ్ బ్లాక్ అన్నీ ఒకేసారి పోయి, మొత్తం ఖర్చు కారు విలువను దాటుతుంటే మాత్రం స్ప్రింగులు ఆ కారును స్క్రాప్ కాకుండా కాపాడతాయి. అప్పుడు తప్పు పట్టను.

బీఎమ్‌డబ్ల్యూ ఎఫ్ 02 వాళ్ళకు ఈ తలనొప్పి లేదు. సంచి విడిగా దొరుకుతుంది, మార్చడం సులువు, మంచి కంపెనీది కొన్నా ఎస్ క్లాస్ స్ట్రట్ ధరలో చిన్న భాగమే. రెండు పక్కలా కలిపి మార్చేయండి, షాకులను విడిగా పరీక్షించి బాగుంటే ఉంచండి. ఈ క్లాస్ డబ్ల్యూ 211 వెనక సంచులదీ అదే సలహా. అమెరికాలో టౌన్ కార్ ఉన్నవాళ్ళకు కొత్త సంచులు తేలిగ్గా దొరుకుతాయి, స్ప్రింగు కిట్లు కూడా చవకే. వెనక యాక్సిల్‌కు మాత్రమే గాలి ఉన్న ఆ కారులో స్ప్రింగులకు మారినా నష్టం తక్కువ. అయినా సంచులే వేయిస్తే ఆ కారు మెత్తదనం మిగులుతుంది. జాకీ పెట్టే ముందు డిక్కీలో ఉన్న ఎయిర్ సస్పెన్షన్ స్విచ్‌ను ఆఫ్ చేయడం మరవొద్దు.

క్యాడిలాక్ డెవిల్ వాళ్ళు మరీ కంగారు పడక్కర్లేదు. బరువు మోసేది స్ప్రింగు కాబట్టి కొన్నాళ్ళు ఆగి ఆలోచించే వీలుంది. ఎలక్ట్రానిక్ షాక్ వద్దనుకుంటే గాలి మాత్రమే ఉన్న షాక్ వేసి, ప్లగ్గుకు రెసిస్టర్ పెట్టుకోవచ్చు. ఎస్ క్లాస్‌లో నేను వద్దన్నది ఇక్కడ సమంజసమే. ఈ కారులో వెనక షాక్ మీద ఆధారపడింది అంత తక్కువ.

ఒకటి మార్చాలా, రెండూనా?

ఎస్ క్లాస్‌లో ఒక పక్క రబ్బరు పోయిందంటే రెండోది కూడా అదే వయసుది, అదే ఎండలు తిన్నది. ఒక పక్క కొత్త షాక్, ఇంకో పక్క లక్ష కిలోమీటర్లు తిరిగిన షాక్ ఉంటే మలుపుల్లో, గట్టి బ్రేకు వేసినప్పుడు తేడా తెలుస్తుంది. కాబట్టి వెనక రెండూ కలిపి మార్చమనే చెబుతాను. డబ్బు సరిపోకపోతే రెండు పక్కలా చౌక సరుకు వేసే బదులు, పోయిన పక్కకు మంచిది వేసి, రెండో దాని మడతను ప్రతి సర్వీసులో చూపించుకుంటూ, అది లీకు మొదలుపెట్టకముందే అదే కంపెనీది కొనడం నయం.

కంప్రెసర్ రిలేను మాత్రం ఏ దారి ఎంచుకున్నా మార్చేయండి. అది చిన్న వస్తువు. ఏళ్ళ తరబడి ఎక్కువ సేపు నడిచి దాని లోపలి కాంటాక్టులు కాలి ఉంటాయి. అవి అతుక్కుపోతే కంప్రెసర్ ఆగకుండా తిరిగి కాలిపోతుంది. కంప్రెసర్ మీద అనుమానం ఉంటే పూర్తిగా దిగిన కారును లేపడానికి ఎంతసేపు తీసుకుంటోందో, ఎంత శబ్దం చేస్తోందో కొత్త స్ట్రట్‌లు వేశాక చూడండి. లీకు ఉన్నప్పుడు దాన్ని అంచనా వేయడం అన్యాయం. మామూలు వాహన బీమా అరుగుదలకు డబ్బు ఇవ్వదు కాబట్టి ఈ ఖర్చును దాని మీద పెట్టుకోవద్దు.

ఫిటింగ్ దగ్గరే పార్టు బతుకు తేలిపోతుంది

కొత్త స్ట్రట్ వేసిన వారానికే చిరిగిందని ఫిర్యాదు చేసేవాళ్ళలో చాలామందికి అసలు కారణం తెలియదు. గాలి లేని సంచి మీద కారు బరువు పడితే రబ్బరు దాని మడతలో దాని చోట కూర్చోదు. అడ్డదిడ్డంగా నలిగి రెండు లోహాల మధ్య ఇరుక్కుంటుంది. లోతైన మడతలతో ఉతికి ఆరేసిన చొక్కాలాగా ఆ గీతలు మళ్ళీ పోవు, పగులు అక్కడే మొదలవుతుంది. కొత్త స్ట్రట్ బిగించాక కారు ఇంకా లిఫ్టు మీద ఉండగానే స్టార్ (మెర్సిడెస్ వాళ్ళ కంప్యూటర్ స్కానర్) లేదా దానికి సమానమైన స్కానర్ పెట్టి సంచిలో గాలి నింపాలి, ఆ తర్వాతే చక్రాలు నేలకు ఆనాలి. ఈ స్కానర్ లేని గ్యారేజీ ఎంత మంచిదైనా ఈ పనికి వద్దు. ముందే అడిగేయండి: "గాలి ఎప్పుడు నింపుతారు?" జవాబు "కింద దించాక స్టార్ట్ చేస్తే అదే ఎక్కుతుంది" అని వస్తే ఇంకో చోటు వెతకండి.

మంచి కంపెనీ స్ట్రట్‌లు లోపల కొంచెం గాలితోనే వస్తాయి, రబ్బరు ఆకారం చెడకుండా. పైపు తగిలించే ముందు పార్టును చేతిలో పట్టుకుని ఆ మూత తీసి ఆడుకోనివ్వకండి. పాత స్ట్రట్ విప్పేటప్పుడు కూడా లోపల ప్రెషర్ ఉంటుంది కాబట్టి పైపును మెల్లగా వదులు చేయాలి, ముఖం దగ్గర పెట్టుకోకూడదు. పైపు చివర గీతలు పడి ఉంటే నిటారుగా కొంచెం కోసి, కొత్త ఫిటింగ్ వాడాలి. పాత ఫిటింగ్‌ను తిరిగి బిగించడం కొత్త లీకుకు సులువైన దారి. స్ట్రట్ కింది చివర ఉండే రబ్బరు బుష్ బోల్టును చక్రం వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. కారు నడిచే ఎత్తుకు వచ్చాకే బిగించాలి, లేదంటే బుష్ రబ్బరు ఎప్పుడూ మెలితిరిగి ఉండి త్వరగా తెగుతుంది. చివర్లో లెవెల్ క్యాలిబ్రేషన్ (కారు సరైన ఎత్తును కంప్యూటర్‌కు నేర్పడం), వీల్ అలైన్‌మెంట్ ఉండాల్సిందే. ఎత్తు మారితే వెనక చక్రాల కోణం మారుతుంది, టైర్ల లోపలి అంచు కొన్ని వేల కిలోమీటర్లకే అరిగిపోతుంది.

కొటేషన్ అడిగేటప్పుడు ఇవన్నీ కలిపి అడగండి. స్ట్రట్ కంపెనీ పేరు, వాల్వులు ఉన్నాయా లేదా, రిలే, కొత్త ఫిటింగులు, స్కానర్‌తో గాలి నింపడం, క్యాలిబ్రేషన్, అలైన్‌మెంట్, వారంటీ ఎవరిది. ఇవన్నీ కాగితం మీద రాయించాక రెండు గ్యారేజీల రేట్లు పోల్చితే అది నిజమైన పోలిక. ముందు చౌకగా కనిపించిన గ్యారేజీ చాలాసార్లు ఇక్కడే పెరుగుతుంది.

కారును నాలుగైదేళ్ళు వాడదామనుకుంటే, షాకులు కూడా అరిగి ఉంటే, నేను బిల్‌స్టీన్ లేదా ఆర్నాట్ కొత్తవి వెనక రెండు పక్కలా వేయించమంటాను. షాక్ బాగుండి రబ్బరే పోయి, క్రింప్ యంత్రం ఉన్న షాపు అందుబాటులో ఉంటే రీబిల్డ్. ఏడాదిలోపు అమ్మేద్దామనుకుంటే కూడా రీబిల్డే, బిల్లుతో సహా. ఆ బిల్లు చూపిస్తే కొనేవాడు బేరం తక్కువ ఆడతాడు.

కారు తీసుకున్నాక మొత్తం డబ్బు అదే రోజు ఇవ్వొద్దు, కొంత వారం తర్వాత ఇస్తానని ముందే మాట్లాడుకోండి. ఆ వారం పాటు టేపుతో రాత్రి ఒకసారి, తెల్లారి తలుపు తీయకముందు ఒకసారి కొలిచి రాయండి. రాత్రికీ పగటికీ చలి, ఎండ తేడా వల్ల కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ అవడం మామూలే. రోజు రోజుకూ ఒకే పక్క దిగుతూ పోతుంటే ముందు పైపు ఫిటింగ్ దగ్గర సబ్బు నీళ్ళు కొట్టమనండి. కొత్త స్ట్రట్ వేసిన కారులో లీకు ఎక్కువగా దొరికేది అక్కడే.